సెకనుకు నాలుగు అడుగులు

రోడ్డు దాటడమంటే మనందరికీ అటూ ఇటూ చూసి గబగబా దాటెయ్యడమే. సెకన్ల సారుకి మాత్రం అదొక శాస్త్రం. నగరపాలక కార్యాలయంలోని సిగ్నళ్ళ విభాగంలో ఆయన ముప్ఫై మూడేళ్ళు పనిచేశాడు. ఏ కూడలిలో ఏ దీపం ఎంతసేపు వెలగాలో తేల్చేది ఆయనే. టీ తాగడానికి బయటికి వెళ్తూ కూడా ఎన్ని సెకన్లలో తిరిగొస్తాడో చెప్పి వెళ్ళేవాడని ఆఫీసులో ఆటపట్టించేవాళ్ళు. ఆ పేరు పెట్టింది కూడా వాళ్ళే. వెనకాల అనుకుంటున్నామని వాళ్ళ నమ్మకం గానీ, సారుకి ఆ సంగతి మొదటిరోజే తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు.

ఆయన బల్లమీద ఒక నిబంధనల పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోతే మళ్ళీ అతికించి, అంచులకి గుడ్డపట్టీ వేయించుకున్నాడు. అందులో ఇరవై ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది: "పాదచారి నడక వేగము సెకనుకు నాలుగు అడుగులుగా పరిగణించవలెను." రోడ్డు వెడల్పుని అడుగుల్లో కొలిచి నాలుగుతో భాగిస్తే పచ్చదీపం ఎన్ని సెకన్లో వచ్చేస్తుంది. మిగతా అధికారులు అంతటితో సంతకం పెట్టేసేవాళ్ళు. సారు అలా కాదు. ఎడమచేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, స్వయంగా మూడుసార్లు ఇటునుంచి అటు నడిచి చూసుకున్నాకే కలం తీసేవాడు. అన్యాయంగా మాట్లాడి లాభం లేదు, ఆయన పనిదొంగ కాదు. ఆయన చేసిన పొరపాటు బద్ధకంలోంచి రాలేదు. శ్రద్ధలోంచే వచ్చింది, అదే బాధ.

సారుకి ఒక అక్క ఉంది. పదేళ్ళు పెద్దది. ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ కాజాలక్క అనేవాళ్ళు. చొక్కాకి గుండీ దూరడానికి చిన్న చీలిక ఉంటుందే, దాని అంచులు పోగులు లేవకుండా దారంతో చుట్టూ గట్టిగా అల్లుతారు. అదే కాజా కుట్టడం. మిషన్లు వచ్చాక ఆ పని మిషన్ మీదే అయిపోతున్నా, ఖరీదైన బట్ట కుట్టించుకునేవాళ్ళు మాత్రం చేతికాజాలే కావాలని అడిగేవాళ్ళు. అలాంటి చొక్కాలన్నీ అక్క దగ్గరికే వచ్చేవి. భర్త ప్రెస్సులో పనిచేసేవాడు, తొందరగా పోయాడు. పిల్లల్లేరు. ఉన్న తమ్ముడు ఊరికి ఆ చివర కాపురం. ప్రతి ఆదివారం స్కూటర్ మీద వచ్చి, మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి వెళ్ళేవాడు.

అక్క ఇల్లు రోడ్డుకి ఇటుపక్క. రెండు గదులు, రోడ్డు మీదికి ఒక కిటికీ. ఇంటికి ఆనుకునే ఒక గోడౌను ప్రహరీ మొదలవుతుంది. అది రెండువందల గజాల దాకా సాగుతుంది, మధ్యలో కూర్చోడానికి చోటు కూడా లేదు. ఉన్నవన్నీ రోడ్డుకి అటుపక్కే. టైలర్ షాపు అటే, కూరల బండి అటే, నీడ అటే, ఆ నీడలో సిమెంటు బెంచీ అటే, నాలుగు పేపర్లు వచ్చే రీడింగ్ రూమూ అటే. ఇల్లు ఇటుపక్కా బతుకు అటుపక్కా అన్నమాట. పొద్దున పదింటికి కుట్టిన చొక్కాల సంచీ భుజాన తగిలించుకుని అక్క రోడ్డు దాటేది. షాపులో సంచీ దించి, రీడింగ్ రూములో కూర్చుని, పేపరు చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివేది. అక్కడికి వచ్చే పెద్దమనుషులతో రోజుకో విషయం మీద వాదం వేసుకునేది. రిటైరైన ఒక లెక్కల మాస్టారితో అయితే నిత్యం యుద్ధమే. ఆయన రాకపోతే ఆ రోజు ఆవిడకి ఏమీ తోచేది కాదు. తర్వాత కూరలవాళ్ళతో బేరమాడి, కొత్త చొక్కాలు తీసుకుని, ఒంటిగంటకి ఇల్లు చేరేది. సాయంత్రం ఇంకో విడత.

అప్పట్లో ఆ రోడ్డు ముప్ఫై అడుగులే. నడుమ ఒక రాతిదిమ్మె కూడా ఉండేది. సగం దాటి దాని మీదికెక్కి నిలబడి, ఊపిరి పీల్చుకుని, ఎదురొచ్చినవాళ్ళతో రెండు ముక్కలు మాట్లాడి, అప్పుడు మిగతా సగం దాటేవాళ్ళు. అది ట్రాఫిక్ కోసం కట్టింది కాదు, ఎందుకు కట్టారో కూడా ఎవరికీ తెలీదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది అడ్డమని తేలింది. నక్షా మీద ఆ దిమ్మెని ఎర్రసిరాతో కొట్టేసింది సారే. దిమ్మె పోయింది, రోడ్డు నలభై ఎనిమిది అడుగులైంది, దానికో సిగ్నల్ వచ్చింది.

నలభై ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే పన్నెండు. సారు అలవాటు ప్రకారం మూడుసార్లు నడిచాడు. పదకొండు, పదకొండున్నర, మళ్ళీ పదకొండు. ఒక సెకను మిగులుతోందని సంతోషించాడు కూడా. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు గట్టివి, బూట్లు కొత్తవి, చంకలో ఉన్నది ఒక ఫైలు మాత్రమే. సంచీ నిండా చొక్కాలు లేవు.

సిగ్నల్ వెలిగిన రోజు అక్క గుమ్మంలోకొచ్చి నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఒరేయ్, చిన్నప్పుడు నువ్వు ఆగమంటే కుక్కపిల్ల కూడా ఆగేది కాదు. ఇప్పుడు లారీలు ఆగుతున్నాయే."

"నేనాపలేదక్కా, దీపం ఆపింది."

"దీపానికి చెప్పింది నువ్వేగా."

ఆ వీధిలో ఎవరొచ్చినా ముందు ఆ సిగ్నల్ చూపించాకే మంచినీళ్ళిచ్చేది. మా తమ్ముడు పెట్టింది, ఒక్క క్షణం అటూ ఇటూ ఉండదు, అనేది. అప్పటికి అక్కకి యాభై తొమ్మిది. పొట్టి మనిషే గానీ నడక చురుకు. పన్నెండు సెకన్లలో దాటేసేది. కొన్నేళ్ళపాటు ఏ ఇబ్బందీ లేదు, ఉన్నా ఎవరికీ కనబడలేదు.

ఎప్పుడు మొదలైందో సారుకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఆయన బాధల్లో పెద్దది అదే. ఒక ఆదివారం వెళ్ళేసరికి చొక్కాల కట్ట ఇంట్లోనే ఉంది. ఏమక్కా, పట్టుకెళ్ళలేదా అంటే, టైలరే వచ్చి తీసుకెళ్తానన్నాడురా అంది. మంచివాడు టైలర్ అనుకున్నాడు సారు. ఇంకో ఆదివారం, కూరలు ఎవరు తెస్తున్నారని అడిగితే, పక్కింటమ్మాయి తెచ్చిపెడుతోందంది. మంచిది పక్కింటమ్మాయి అనుకున్నాడు. మరికొన్నాళ్ళకి, కళ్ళు ఆనట్లేదు, కాజాలు మానేశాను అంది. డెబ్భై దగ్గరపడింది, ఇంకా ఎన్నాళ్ళు కుడుతుంది, విశ్రాంతి తీసుకోవాల్సిందే అనుకున్నాడు. లోకంలో అందరూ మంచివాళ్ళుగా కనిపించే రోజుల్లోనే మనం కాస్త అనుమానపడాలి. సారు పడలేదు.

పడకపోగా, తన వంతు మంచి తనూ చేశాడు. పెద్ద టీవీ కొనిచ్చాడు. మెత్తటి వాలుకుర్చీ తెచ్చి దాని ఎదురుగా వేశాడు. సరుకులు ఇంటికే తెచ్చిచ్చే ఏర్పాటు చేశాడు. నువ్వు గుమ్మం కూడా దిగక్కర్లేదక్కా అని గొప్పగా చెప్పాడు. అక్క నిజంగానే గుమ్మం దిగలేదు.

తర్వాత తర్వాత వింతగా ఉండేది. పప్పులో రెండుసార్లు ఉప్పు పడేది. ఆదివారం వస్తే, ఇవాళ ఆఫీసు లేదా అని గంటలో మూడుసార్లు అడిగేది. ఆయన రిటైరై ఏడాది దాటింది అప్పటికి. పేపరు తెస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేది. చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివిన మనిషి. పాదాలు వాచేవి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊతం కావలసొచ్చేది. సారు భార్యతో చెప్తే ఆవిడ కూడా నిట్టూర్చి, వయసండీ అంది. వయసు అన్న మాటలో ఎంత సౌకర్యముందో చూడండి. అన్ని తప్పులూ దాని నెత్తిన పడేసి మనం చేతులు కడిగేసుకోవచ్చు.

ఆ ఏడాది ఒకరోజు పొద్దున్నే అక్క వంటింట్లో పడిపోయింది. ఎముక విరగలేదు గానీ లేవలేకపోయింది. సారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ వయసులో చిన్నదైనా తొందరలేని మనిషి. అక్క పిక్కలు చేత్తో పట్టుకుని చూసింది. కుర్చీలోంచి లేపి, పది అడుగులు నడిపించి, మళ్ళీ కూర్చోబెట్టింది. మూడు మాటలు చెప్పి, వేరే కబుర్లలో పెట్టి, ఆ మాటలేంటో చెప్పమంది. అక్కకి ఒక్కటే గుర్తుంది.

"రోజూ ఎంత నడుస్తారమ్మా?"

"నడవడానికి ఎక్కడికెళ్ళాలి తల్లీ?" అంది అక్క. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

డాక్టరమ్మ సారు వైపు తిరిగింది. "కాళ్ళలో కండ కరిగిపోయింది. వాడకపోతే అంతే. బుర్ర సంగతీ కొంత అలాంటిదే. దారి చూసుకోవడం, నలుగుర్నీ గుర్తుపట్టి పలకరించడం, బేరమాడ్డం, ఎవరితోనో ఒకరితో వాదించడం, ఇవన్నీ బుర్రకి పనే. ఒక్క దానివల్లే ఇలా అయిందని నేను చెప్పలేను, వయసూ ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. కానీ ఇంట్లోనే ఉండిపోవడం మాత్రం మంచి చెయ్యలేదు. బయటికెళ్ళడం ఎప్పట్నుంచి మానేశారు?"

సారు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టబోయాడు. ఊళ్ళో నూట నలభై సిగ్నళ్ళలో ఏది ఎన్ని సెకన్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషికి, తన అక్క రోడ్డు మీదికి రావడం ఏ ఏడాది మానేసిందో తెలీదు.

"కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు.

ఎవర్ని కనుక్కోవాలి? అక్కని అడిగితే, వెళ్తూనే ఉన్నాను కదరా అంటోంది. మర్నాడు టైలర్ దగ్గరికి బయలుదేరాడు. స్కూటర్ అక్క ఇంటిముందే పెట్టి, పచ్చదీపం కోసం నిలబడ్డాడు. ఆ రోడ్డు మీద ఆయన కాళ్ళతో నడిచి పదమూడేళ్ళయింది. దీపం వెలిగింది, అడుగేశాడు. అరవై రెండేళ్ళ కుడిమోకాలు నాలుగో అడుగుకే నసపెట్టింది. ముప్పావు రోడ్డు దాటేసరికి దీపం టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఎడంపక్కనుంచి ఒక బస్సు గర్జించింది. చివరి నాలుగు గజాలూ సారు పరుగులాంటిదేదో తీశాడు. అవతలి గట్టుకి చేరి, స్తంభం పట్టుకుని వగరుస్తూ, తను పెట్టిన దీపాన్ని వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికే ఎర్రగా ఉంది.

టైలర్ కత్తెర పక్కన పెట్టి స్టూలు జరిపాడు. వయసు మళ్ళిన మనిషి, మెడలో టేపు, మాటలో నిదానం.

"అక్క ఎలా ఉంది సారూ?"

"పడింది. దెబ్బ తగల్లేదులే. ఒక మాట అడగాలని వచ్చాను. అక్క ఇటుపక్కకి రావడం ఎప్పుడు మానేసింది?"

"మీకు తెలీదా?" అన్నాడు టైలర్. అని, అలా అన్నందుకు తనే నొచ్చుకుని టేపు సర్దుకున్నాడు. "నాలుగేళ్ళవుతుంది సారూ. నడక నెమ్మదించింది ఆవిడకి. రోడ్డు మధ్యకొచ్చేసరికి దీపం మారిపోయేది. ఓసారి నా కళ్ళముందే ఇరుక్కుపోయింది. ఇటో లారీ, అటో బస్సు. సంచీ జారి చొక్కాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. వాటి మీదనుంచే పోయాయి బళ్ళు. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. గట్టెక్కగానే, చొక్కాల ఖరీదు నేనిస్తాను అంటది. నాకు ఏడుపొచ్చింది."

"తర్వాత?"

"తర్వాత ఎవరైనా తోడు దాటుతారేమోనని గట్టు మీద నిలబడేది. పావుగంట, అరగంట. ఒక్కోరోజు నిలబడి నిలబడి ఇంట్లోకి వెళ్ళిపోయేది. నేనిక్కడ్నుంచి చూసేవాణ్ణి. కటింగ్‌లో ఉంటే లేవలేనుగా. ఆఖరికి చొక్కాలు నేనే తెచ్చివ్వడం మొదలుపెట్టాను. మంచి చేశాననే అనుకున్నాను సారూ."

నేనూ అంతే అనుకున్నాడు సారు, మనసులో.

"ఎంత తక్కువయ్యేదంటావ్, టైము?"

"ఓ ఆరు సెకన్లు. ఎక్కువ కాదు. మాస్టారు లెక్కగట్టి చెప్పాడు. రీడింగ్ రూముకొచ్చే పెద్దవాళ్ళందరికీ అదే ఇబ్బంది. పదకొండుమంది కలిసి అర్జీ కూడా పెట్టారు, ఇంకో ఆరు సెకన్లివ్వమని. మీ అక్కనీ సంతకం పెట్టమన్నారు."

"పెట్టిందా?"

"లేదు. పెద్ద గొడవ చేసింది. మా తమ్ముడి మీద నేను అర్జీ పెడతానా, వాడు తప్పు లెక్క కట్టే మనిషి కాదు, నా కాళ్ళే తప్పు అంది. ఆ రోజునుంచి మాస్టారితో మాట మానేసింది."

సారు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "అర్జీ ఎవరికి పెట్టారు?" అని అడిగాడు. అడుగుతుండగానే ఆయనకి జవాబు తెలిసిపోయింది.

"మీకే సారూ. జవాబు కూడా వచ్చింది." టైలర్ కొలతల పుస్తకం తెరిచి, వెనక అట్టలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. రీడింగ్ రూములో గోడకి అంటిస్తే మీ అక్క పీకేసి నాకు దాచమని ఇచ్చింది, అన్నాడు.

కాగితంలో రెండే వాక్యాలు. "సదరు కూడలియందు పాదచారులకు కేటాయించిన సమయము నిబంధనల మేరకు సరిపోవుచున్నది. కావున మార్పు అవసరము లేదని తెలియజేయడమైనది." కింద సారు సంతకం. ఎడమకి వాలిన, చివర చుక్క పెట్టిన, ఆయన సొంత సంతకమే. అలాంటి అర్జీలు నెలకి ముప్ఫై వచ్చేవి. ముప్ఫైకీ అదే జవాబు, గుమాస్తా టైపు చేసి పెట్టేవాడు. మళ్ళీ వెళ్ళి నడిచి చూడాలని ఆయనకి తోచలేదు, ఒకసారి నడిచి చూశాడు కదా. ఈ అర్జీ చదివినట్టు గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. తిట్టుకోవడానికైనా ఒక జ్ఞాపకం దొరికితే బావుండేదనిపించింది.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో, ఆవిడ వంటింటి నుంచి కుర్చీ దాకా వస్తుంటే, టైలర్ దగ్గర అడిగి తెచ్చుకున్న టేపుతో నేల మీద కొలిచాడు సారు. ఏం వెతుకుతున్నావురా అని అక్క అడిగితే, గుండీ పడిపోయింది అన్నాడు. మడమ నుంచి మడమకి ఎనిమిది అంగుళాలు, సెకనుకి రెండు అంగలు. ఈ లెక్కన రోడ్డు దాటడానికి ముప్ఫై ఆరు సెకన్లు. పుస్తకం రాసినవాడు అడుగంటే పన్నెండు అంగుళాల కొలత అనుకుని రాశాడు. కాళ్ళతో వేసే అడుగు మనిషికో పొడవు. రెంటికీ ఒకటే మాట కావడంతో తేడా ఉందని సారుకి ముప్ఫై మూడేళ్ళూ తట్టలేదు. తన కాలు ఎంత సాగితే ఊరందరి కాళ్ళూ అంతే సాగుతాయని, గర్భిణులూ ముసలివాళ్ళూ సంచీలు మోసేవాళ్ళూ అందరూ తన బూట్లేసుకునే నడుస్తారని నమ్మాడు. నేల మీద కూర్చునే టేపు చుట్టుకున్నాడు.

మర్నాడు పాత ఆఫీసుకి వెళ్ళాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఇంజినీరమ్మ. సారు నిలబడే చెప్పాడు. అర్జీ సంగతి, జవాబు సంగతి, అక్క సంగతి. ఏదీ దాచలేదు. ఫైలు నడవాలి, పై సంతకాలు కావాలి, కనీసం నెల పడుతుంది అని మనసులో లెక్క కట్టుకుంటూనే ఉన్నాడు.

"తాళంచెవి ఇక్కడే ఉంది సార్, పదండి" అంది ఆవిడ.

"ఫైలు?"

"పది సెకన్లకి మించి పెంచితేనే ఫైలు. అంతలోపు నా చేతిలో పనే. కానీ మీరు మొత్తం ముప్ఫై ఆరు అడుగుతున్నారు కాబట్టి, ప్రయోగం అని రాసి పెడతాను. పదింటినుంచి ఐదింటిదాకా ఉంచుదాం. బళ్ళవాళ్ళు గోల పెడితే పెట్టనివ్వండి."

కూడలిలో ఇనప పెట్టె తెరిచి, లోపల చిన్న చక్రం తిప్పి, మూత వేసింది. పట్టింది రెండు నిమిషాలు. సారు మూత మీద చెయ్యి వేసి చూశాడు.

"ఇంత తేలికా?"

"మీరే నేర్పారు కదా సార్" అంది ఇంజినీరమ్మ, మామూలుగానే. ఆ అమ్మాయికి పొడవాలని లేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది.

ఆరు సెకన్లంటే ఆయన ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగినవే. అర్జీ వచ్చిన రోజే ఇచ్చి ఉంటే అక్క సంచీ భుజాన వేసుకుని ఈ నాలుగేళ్ళూ తిరిగేది. మాస్టారితో వాదించేది. అక్కకి ఇప్పుడు కావలసింది ఆరు కాదు, ఇరవై నాలుగు. ఆ పెరిగిన పద్దెనిమిదీ ఆ ఇంట్లో, ఆ వాలుకుర్చీలో, ఆయన కొనిచ్చిన టీవీ ముందు పెరిగినవి.

నెల రోజులు సారు రోజూ వచ్చాడు. డాక్టరమ్మ చెప్పినట్టు గదిలో నడిపించాడు, తర్వాత గుమ్మం దాకా, తర్వాత గోడౌను గోడ పట్టుకుని పాతిక గజాలు. అక్క ఒక్కోరోజు నవ్వుతూ వచ్చేది, ఒక్కోరోజు చెయ్యి విదిలించుకునేది. నీకు పనీ పాటా లేదా, ఆఫీసుకి పో, అనేది. చివరికి ఒకరోజు పదకొండింటికి, ఉతికిన చీర కట్టించి, గట్టు దాకా తీసుకొచ్చాడు.

పచ్చదీపం వెలగగానే అక్క వెనక్కి ఒక అడుగు వేసింది.

"వద్దురా, అయిపోతుంది."

"అవదక్కా. చాలా ఉంది."

"నీకు తెలీదు, అయిపోతుంది." ఆవిడ గోళ్ళు ఆయన మణికట్టులో దిగాయి. నిజంగానే అయిపోయింది, గట్టు మీదే నిలబడి మాట్లాడుకుంటుంటే. రెండోసారీ అలాగే అయింది. మూడోసారి ఆయన ఏమీ చెప్పకుండా, ఎటో చూస్తూ, మెల్లగా అడుగేశాడు. అక్క కూడా వచ్చేసింది. ఎనిమిది అంగుళాలు, ఇంకో ఎనిమిది. బళ్ళు వరసగా ఆగున్నాయి. ఎవడో హారన్ కొట్టాడు, సారు వాడికేసి చూసిన చూపుకి మళ్ళీ కొట్టలేదు. అవతలి గట్టెక్కేసరికి దీపం ఇంకా పచ్చగానే ఉంది. ఆయనకి అరవాలన్నంత సంతోషం వచ్చింది. అక్క చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంటోంది.

టైలర్ కుర్చీ పట్టుకుని బయటికొచ్చాడు. "రా అక్కా, ఎన్నాళ్ళకి" అన్నాడు, కుర్చీ వేస్తూ. అక్క మర్యాదగా తలాడించి కూర్చుంది. షాపు బోర్డు చూసింది. కూరల బండి ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కొట్టు ఉంది, దాన్ని చూసింది. రీడింగ్ రూము అరుగు మీద ఒకాయన ఒక్కడే పేపరు చదువుకుంటున్నాడు. మాస్టారు కాదు, మాస్టారు పోయిన వేసవిలో పోయాడు. బెంచీ ఖాళీగా ఉంది. అన్నీ చూసి అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఇక్కడికెందుకొచ్చాం రా?"

సారు కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అలా చెయ్యలేదు. "ఈ సిగ్నల్ నేను తప్పు పెట్టానక్కా" అన్నాడు. "పన్నెండు సెకన్లు నాకు సరిపోయాయి, నీకు సరిపోలేదు. నువ్వు ఇక్కడికి రాలేక ఇంట్లో ఉండిపోయావు. మీవాళ్ళు అర్జీ పెడితే చూడకుండా సంతకం పెట్టి తిప్పికొట్టాను. తప్పు నీ కాళ్ళది కాదు, నాది."

అక్క శ్రద్ధగా వింది. ఆ మొహంలో పాత అక్క తొంగిచూసింది, కనుబొమలు దగ్గరికొచ్చాయి. అంతా అర్థమవుతోందని ఆయనకి అనిపించింది.

"ప్రతి ఆదివారం వచ్చానుగా. రోడ్డు దాటలేకపోతున్నాను రా అని ఒక్కమాట నాతో చెప్పకూడదా అక్కా?"

"చెప్పేదాన్నే" అంది అక్క. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "నువ్వెప్పుడూ అడగలేదుగా."

సారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. టైలర్ లోపలికి వెళ్ళిపోయి, అక్కర్లేకపోయినా ఏదో గుడ్డ మడత పెట్టడం మొదలెట్టాడు. అక్క చెయ్యి వచ్చి సారు భుజం మీద పడింది.

"ఏడుస్తావేంట్రా? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అన్లేదక్కా."

"మరి ఊరుకో." భుజం రెండుసార్లు తట్టి, ఆవిడ మళ్ళీ షాపు బోర్డు కేసి, ఫోన్ల కొట్టు కేసి, ఖాళీ బెంచీ కేసి చూసింది. కొత్తగా ఇప్పుడే తోచినట్టు అడిగింది.

"ఇంతకీ ఇక్కడికెందుకొచ్చాం రా?"

సారు కళ్ళు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి ఇంకాస్త జరిగి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.